నాన్నగారి స్పెక్ట్రమ్ కొత్త ఎల్‌ఈడీ టీవీలో రావట్లేదు, నీలం తెర ఒక్కటే కనిపిస్తోంది

డాల్ఫిన్‌నోస్77
నాన్నగారు మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. 80ల్లో ఇంగ్లండ్ నుంచి తెచ్చిన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ప్లస్ (48కే) అనే పాత హోమ్ కంప్యూటర్ ఇల్లు మారుతుంటే అటక మీద నుంచి దిగింది. అడాప్టరు, మాన్యువల్, ఒక డబ్బా నిండా క్యాసెట్లు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని ఆయన సొంతంగా బేసిక్‌లో రాసుకున్న ప్రోగ్రాములు. ఓడలో ఇంధనం లెక్కలట. అవి మళ్ళీ ఓసారి చూడాలని ఆయన కోరిక.

మా టీవీ 43 ఇంచుల ఎల్‌ఈడీ. కంప్యూటర్ వెనక 'టీవీ' అని రాసిన గుండ్రటి సాకెట్ ఒకటుంది. పాత డీవీడీ ప్లేయర్ పసుప్పచ్చ వైరు దానికి సరిగ్గా పట్టింది. టీవీకి విడిగా ఏవీ సాకెట్లు లేవని ఆన్‌లైన్‌లో ఐదారు వందలు పెట్టి ఏవీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి మార్చే చిన్న డబ్బా తెప్పించా. అంతా కలిపితే నీలం తెర. అంతే. కంప్యూటర్ పోయిందా, డబ్బా పోయిందా, ఎలా తెలుస్తుంది?

కైలాసగిరి_కోతి
ఫోన్‌నే స్పెక్ట్రమ్‌లా నడిపే ఎమ్యులేటర్ యాప్ వేసి ఇచ్చెయ్ గురూ. రెండు నిమిషాల పని.

డాల్ఫిన్‌నోస్77
ఇచ్చా. "దీనికి కీబోర్డేదిరా" అన్నారు.

సోల్డర్‌బాబాయ్
కంప్యూటరూ పోలేదు, డబ్బా పోలేదు, కంగారు పడకు. ఆ సాకెట్ చూడ్డానికి ఏవీ సాకెట్‌లా ఉంటుంది కానీ దాంట్లోంచి వచ్చేది వీడియో కాదు, ఆర్‌ఎఫ్. లోపల మాడ్యులేటర్ అని ఒక రేకు డబ్బా ఉంటుంది. బొమ్మని టీవీ స్టేషన్ సిగ్నల్ లాగా మార్చి యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్ మీద బయటికి పంపుతుంది. 1982లో ఇళ్ళల్లో టీవీకి ఉన్నది యాంటెన్నా సాకెట్ ఒక్కటే కదా, అందుకని అలా చేశారు. నీ డబ్బాకి కావలసింది నేరుగా కాంపోజిట్ వీడియో, అంటే టీవీ స్టేషన్ వేషం వెయ్యని అసలు బొమ్మ సిగ్నల్. ఆర్‌ఎఫ్ ఇస్తే దానికేమీ అర్థం కాదు, నీలం తెర చూపిస్తుంది.

వైరు తీసి టీవీ యాంటెన్నా సాకెట్‌లో పెట్టు. రెండు కొసలూ వేరు కాబట్టి చిన్న కన్వర్టర్ పిన్ను కావాలి. మన వైజాగ్ డాబాగార్డెన్స్‌లో కేబుల్ టీవీ సామాను అమ్మే ఏ షాపులో అడిగినా ఇస్తారు.

పాతఇనుము
పెట్టేముందు అడాప్టర్ చూసుకో!! స్పెక్ట్రమ్‌కి 9 వోల్టులు, నడిమి పిన్ను నెగెటివ్. ఇప్పుడు బజార్లో దొరికే 9 వోల్టుల అడాప్టర్లు దాదాపు అన్నీ నడిమి పాజిటివ్. తిరగేసి ఇచ్చావో, నాన్నగారి జ్ఞాపకం పొగ రూపంలో పైకెళ్తుంది.

డాల్ఫిన్‌నోస్77
ఒరిజినల్ అడాప్టరే ఉంది. మల్టీమీటర్ పెడితే 9 కాదు, 13 వోల్టుల దాకా చూపిస్తోంది. అది పాడైనట్టా? ఇది చూశాక టెన్షన్ పట్టుకుంది, తీసేశా.

సర్క్యూట్_మేడమ్
పాడవలేదు. అది రెగ్యులేషన్ లేని పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్. లోడ్ లేనప్పుడు వోల్టేజ్ ఎక్కువే చూపిస్తుంది, కంప్యూటర్ 1 ఆంపియర్ దగ్గరగా లాగడం మొదలుపెట్టగానే దిగుతుంది. బోర్డు మీద 7805 రెగ్యులేటర్ ఉంది, అదే 5 వోల్టులకు కోస్తుంది. దాని అల్యూమినియం రేకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అదీ మామూలే.

ఇంగ్లండ్ అడాప్టర్ 240 వోల్టులది. మన 230కి ఏ ఇబ్బందీ లేదు.

ఎన్‌ఏడీ_నానాజీ
మేడమ్ ఎక్కడో పాఠం చెప్తారనుకుంటా.

సర్క్యూట్_మేడమ్
పాలిటెక్నిక్‌లో. మార్కులు మాత్రం ఇక్కడ వెయ్యను.

డాల్ఫిన్‌నోస్77
పిన్ను దొరికింది. యాంటెన్నా సాకెట్‌లో పెట్టి ఆటో సెర్చ్ కొడితే సున్నా ఛానళ్ళు. టీవీలో డిజిటల్, అనలాగ్ అని రెండు ఆప్షన్లు అడిగింది, రెండిట్లోనూ సున్నా.

సోల్డర్‌బాబాయ్
ఆటో సెర్చ్ వద్దు. స్పెక్ట్రమ్ సిగ్నల్ టీవీ స్టేషన్ సిగ్నల్ అంత పద్ధతిగా ఉండదు, కొత్త ట్యూనర్లు దాన్ని "ఇది ఛానల్ కాదు" అని దాటేస్తాయి. అనలాగ్ మాన్యువల్ ట్యూనింగ్‌లోకి వెళ్ళు. 591.25 మెగాహెర్ట్జ్ దగ్గర మెల్లగా అటూ ఇటూ జరుపు. సౌండ్ సిస్టమ్ బీజీ అడిగినా ఐ అడిగినా పర్వాలేదు. 48కేలో శబ్దం టీవీకి రాదు, లోపలున్న బుల్లి స్పీకర్లోనే కీచుమంటుంది.

అసలు ముందు టీవీ లేకుండానే ఒక పరీక్ష చెయ్యి. కరెంట్ ఇచ్చి ఓ మీట నొక్కు. చిన్నగా 'టిక్' మని వినిపిస్తే ప్రాణం ఉన్నట్టే.

డాల్ఫిన్‌నోస్77
టిక్ వచ్చింది!! కొన్ని మీటలకే వస్తోంది, కొన్నిటికి రావట్లేదు. అది తర్వాత చూద్దాం.

లాసన్స్‌బే_లంకె
తర్వాత కాదు, ఇప్పుడే చెప్తున్నా విను. మూత విప్పాలనిపిస్తే స్క్రూలు తీసి ఒక్కసారిగా పైకి లాగొద్దు. కీబోర్డు నుంచి బోర్డుకి రెండు పల్చటి రిబ్బన్లు వెళ్తాయి, ప్లాస్టిక్ మీద అచ్చేసిన తీగలు. నలభై ఏళ్ళకి అవి అప్పడంలా విరుగుతాయి. సగం మీటలు పని చెయ్యట్లేదంటే ఇప్పటికే ఎక్కడో చీలి ఉండొచ్చు. కొత్త మెంబ్రేన్లు (మీటల కింద ఉండే ఆ పల్చటి పొరలు) ఇప్పటికీ తయారవుతున్నాయి, బయటి దేశాల నుంచి తెప్పించుకోవాలి.

ఇంకోటి. మన ఊళ్ళో ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్కన ఇళ్ళల్లో ఫ్యాన్ స్క్రూలే తుప్పు పట్టిపోతాయి. ఆ టీవీ సాకెట్, వెనక అంచున బయటికి కనిపించే రాగి పట్టీలు, ఇయర్ మైక్ జాక్‌లు అన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. పట్టీలు మరీ నల్లగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దు. సగం 'సిగ్నల్ లేదు' కేసులు నా దగ్గర ఇలాగే తేలాయి.

గాజువాక_గ్రౌండ్
ఇదంతా దేనికి చెప్పండి. ఓ పాత డబ్బా టీవీ కొనుక్కుంటే అన్నీ పోతాయి. దెయ్యం బొమ్మ యాడ్ వచ్చేది చూడండి, ఆ ఒనిడా 21 ఇంచులది మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆర్‌ఎఫ్ ఇస్తే ఆర్‌ఎఫ్, ఏవీ ఇస్తే ఏవీ. ఆలస్యం లేదు, జెర్కు లేదు. పాత కంప్యూటర్‌కి పాత టీవీయే జోడీ. ఎల్‌ఈడీలో ఆ బొమ్మ చూస్తే నాకు ఏడుపొస్తుంది.

పాతఇనుము
డబ్బా టీవీ ఎవరింట్లో ఉంది అన్నా ఇప్పుడు? మాది హుద్‌హుద్ రోజు కిటికీ ఊడొచ్చి మీద పడింది. 2014 అక్టోబర్ 12. కిటికీ బానే ఉంది.

ఎన్‌ఏడీ_నానాజీ
😂😂 కిటికీ బానే ఉంది

సర్క్యూట్_మేడమ్
గ్రౌండ్ గారి మాట తప్పు కాదు. ఎందుకు తప్పు కాదో చెప్తాను, ఎల్‌ఈడీ టీవీ ఎందుకు తికమకపడుతుందో కూడా దాంతోనే తెలుస్తుంది.

మన పాల్ అనే అనలాగ్ టీవీ పద్ధతిలో ఒక ఫ్రేమ్‌కి 625 గీతలు, వాటిని రెండు వాయిదాల్లో పంపుతారు. ఒక్కో వాయిదాకి 312న్నర గీతలు. ఆ అర గీత వల్లే రెండో వాయిదా గీతలు మొదటి వాటి మధ్య సందుల్లో పడతాయి. స్పెక్ట్రమ్ ఆ అర గీత పంపదు. ప్రతిసారీ నిండుగా 312 గీతలే, సెకనుకి సుమారు 50.08 సార్లు. అంటే ప్రతి వాయిదా సరిగ్గా ముందు దాని మీదే పడుతుంది. డబ్బా టీవీకి ఇది పట్టదు, వచ్చిన సిగ్నల్‌ని వచ్చినట్టు గీసేస్తుంది. ఎల్‌ఈడీ టీవీ అలా కాదు. లోపల ప్రాసెసర్ "ఇది రెండు వాయిదాల బొమ్మే అయి ఉంటుంది" అనుకుని కలపబోతుంది. అప్పుడు అక్షరాల అంచులు వణుకుతాయి, లేదా బొమ్మ కిందికీ పైకీ ఊగుతుంది. కొన్ని టీవీలైతే లెక్క కుదరక సిగ్నల్ లేదనేస్తాయి.

ఆ ఐదారు వందల డబ్బాలోనూ ఇదే గొడవ. పైగా అది బయటికి సెకనుకి 60 ఫ్రేములు పంపుతుంది. 50ని 60 చెయ్యాలంటే ప్రతి ఐదింటికీ ఒక ఫ్రేమ్ రెండుసార్లు చూపించాలి. ఆటల్లో బొమ్మ కదిలేటప్పుడు గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టు కనబడేది అందుకే. బేసిక్ ప్రోగ్రాములు చదువుకోవడానికైతే పర్వాలేదు.

కానీ డబ్బా టీవీ సలహా ఇచ్చేటప్పుడు ఒక మాట కూడా చెప్పాలి. కలర్ పిక్చర్ ట్యూబ్ మీద ఇరవై వేల వోల్టులు పైనే ఉంటాయి, స్విచ్ కట్టేశాక కూడా ట్యూబ్‌లో ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. ఎవరూ మూత విప్పకండి.

గాజువాక_గ్రౌండ్
మేడమ్ నా వైపే ఉన్నారు. నోట్ చేసుకోండి అందరూ.

డాల్ఫిన్‌నోస్77
వచ్చింది!!! మాన్యువల్ ట్యూనింగ్ 591 దగ్గర. తెల్ల తెర, కింద సింక్లెయిర్ రీసెర్చ్ 1982 అని కాపీరైట్ లైన్. నాన్నగారు సోఫాలోంచి లేచి వచ్చి "ముందర బోర్డర్ బ్లాక్ చెయ్యి" అన్నారు. ఆ కమాండ్ ఆయనకి ఇంకా గుర్తుంది.

కానీ బొమ్మ నిండా ఇసుక. అక్షరాల చుట్టూ రంగు రంగుల చుక్కలు పాకుతున్నాయి. పావుగంటకోసారి టీవీ 'నో సిగ్నల్' అని మాయమై మళ్ళీ వస్తోంది. ఇంతకన్నా బాగుండే దారి ఉందా?

సోల్డర్‌బాబాయ్
శుభం. బొమ్మ వచ్చిందంటే లోపల మెమొరీ, యూఎల్‌ఏ (బొమ్మ తయారుచేసే చిప్పు) రెండూ బానే ఉన్నట్టు. మెమొరీ చిప్పులు పోయి ఉంటే కాపీరైట్ లైన్ బదులు రంగు గీతలో గళ్ళో కనిపించేవి.

ఇసుక పోవాలంటే మాడ్యులేటర్‌ని దాటవెయ్యాలి. మాడ్యులేటర్‌లోకి బోర్డు నుంచి రెండు తీగలు వెళ్తాయి. ఒకటి 5 వోల్టులు, రెండోది కాంపోజిట్ వీడియో. మీటర్ పెట్టి ఏది ఏదో తేల్చుకో. రేకు డబ్బా మూత తీసి సాకెట్ నడిమి పిన్నుకి వెళ్ళే రెసిస్టర్ కాలు ఊడదియ్. బయట ఆ రెండు తీగలూ ఊడదియ్. 5 వోల్టుల తీగకి టేపు చుట్టి పక్కన పెట్టు. వీడియో తీగని 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా సాకెట్ నడిమి పిన్నుకి కలుపు, కెపాసిటర్ పాజిటివ్ కాలు బోర్డు వైపు. ఇప్పుడు అదే సాకెట్ నిజంగా ఏవీ సాకెట్ అయిపోయింది. దేన్నీ కొయ్యలేదు కాబట్టి ఎప్పుడైనా వెనక్కి పెట్టుకోవచ్చు.

లాసన్స్‌బే_లంకె
బాబాయ్, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. నలభై ఏళ్ళుగా ఎవరూ చెయ్యి పెట్టని బోర్డు అది. మాడ్యులేటర్ రేకు మందం, దాన్ని వేడెక్కించాలంటే పెద్ద సోల్డరింగ్ ఐరన్ కావాలి, ఆ వేడికి పాత బోర్డు మీద రాగి బాట లేచిపోతుంది. ఆ వీడియో సిగ్నల్ వెనక ఎక్స్‌పాన్షన్ అంచు మీద కూడా ఉంది. దానికి సరిపడే కనెక్టర్ తగిలించి అక్కడి నుంచి తీసుకోవచ్చు. మూత విప్పక్కర్లేదు, రిబ్బన్ విరగదు.

సోల్డర్‌బాబాయ్
ఆ అంచు మీదే 9 వోల్టులూ 12 వోల్టులూ కూడా ఉంటాయి. కనెక్టర్ ఒక గడి పక్కకి జరిగితే? అటక మీద నుంచి దిగిన మెషీన్‌కి నువ్వు చెప్పేది సేఫా, నేను చెప్పేది సేఫా? రేకు మొత్తం వేడెక్కించమని నేను అనలేదు. లోపలి రెసిస్టర్ కాలు సన్నటిది, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు.

లాసన్స్‌బే_లంకె
గడి జరగకుండా కనెక్టర్‌కి తాళం గడి ఉంటుంది. బోర్డు మీద 5వ స్థానంలో గాటు పెట్టిందే అందుకు. కరెంట్ కట్టేసి తగిలిస్తే ఏమీ కాదు.

కైలాసగిరి_కోతి
ఇద్దరూ బీచ్‌లో తేల్చుకోండి. నేను మురీ మిక్చర్ తెస్తా.

మర్రిపాలెం_మైక్రో
రెండిటికీ మధ్య దారి ఒకటుంది. జెడ్‌ఎక్స్-హెచ్‌డీ అని వెనక అంచుకి తగిలించే ఇంటర్‌ఫేస్ వస్తుంది. అది వీడియో సిగ్నల్ జోలికే పోదు. ప్రాసెసర్ స్క్రీన్ మెమొరీలో ఏం రాస్తోందో బస్ (చిప్పుల మధ్య డేటా తీగలు) మీద గమనిస్తూ, అదే బొమ్మని రాస్‌ప్బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు ద్వారా హెచ్‌డీఎమ్‌ఐలో గీస్తుంది. బొమ్మ గీత గీసినట్టు వస్తుంది. ఖరీదు, కస్టమ్స్ డ్యూటీ, వచ్చేదాకా ఎదురుచూపు మాత్రం భరించాలి.

నాది స్పెక్ట్రమ్ కాదు, బీబీసీ మైక్రో మోడల్ బి. 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు గుర్తుందా? స్కూళ్ళకి ఈ బీబీసీ మైక్రోలు ఇచ్చారు. మా స్కూల్లో గది బయట చెప్పులు విప్పి లోపలికెళ్ళాలి, ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. ఏళ్ళ తర్వాత స్క్రాప్‌లో వేస్తుంటే ఒకటి కొనుక్కొచ్చా. దానికి ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా) బయటికి వస్తుంది, 6 పిన్నుల డిన్ సాకెట్. అదీ 5 వోల్టుల డిజిటల్ ఆర్‌జీబీ, ప్రతి రంగూ ఉంటే ఉంది లేకపోతే లేదు. అందుకని ఆర్‌జీబీ టు హెచ్‌డీఎమ్‌ఐ అనే ప్రాజెక్టు (ఇదీ పై జీరో మీదే నడుస్తుంది) దానికి అతికినట్టు సరిపోయింది. అసలు అది మొదలైందే బీబీసీ మైక్రో కోసం. పిక్సెల్ గడియారంతో కలిసి నడుస్తుంది కాబట్టి మోడ్ 7 (అక్షరాలకే ఉన్న తెర) అక్షరాలు నిన్న ప్రింట్ చేసినట్టున్నాయి.

ఎన్‌ఏడీ_నానాజీ
చెప్పులు విప్పడం 😂 మా దగ్గరా అంతే. సార్ కంప్యూటర్‌కి కొబ్బరికాయ కూడా కొట్టించారు. నీళ్ళు దూరంగా పోయించారు, అదొక్కటే అదృష్టం.

పాతఇనుము
మైక్రో, ఆ బీబీసీ పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు మార్చావా లేదా? పసుప్పచ్చగా, పైన పగుళ్ళతో ఉండేవి. అవి పగిలితే ఇల్లంతా చేపల మార్కెట్ వాసన.

మర్రిపాలెం_మైక్రో
స్విచ్ వేసిన వారంలోనే పొగ వచ్చింది. మా ఆవిడ మెషీన్ని బాల్కనీలోకి బదిలీ చేసింది. కెపాసిటర్లు మార్చాకే లోపలికి రానిచ్చింది. కంప్యూటర్‌కేమీ కాలేదు. తేమకి ఆ పెంకు పగులుతుంది, మన ఊళ్ళో ఇంకా తొందరగా.

డాల్ఫిన్‌నోస్77
మైక్రో గారూ, ఆ ఆర్‌జీబీ టు హెచ్‌డీఎమ్‌ఐ నాకు పనికొస్తుందా? ఓఎస్‌ఎస్‌సీ, రెట్రోటింక్ అనే కన్వర్టర్ల గురించి కూడా చదివా.

మర్రిపాలెం_మైక్రో
స్పెక్ట్రమ్ 48కేలో ఆర్‌జీబీ సాకెట్ లేదు కాబట్టి నాలా తేలిగ్గా కుదరదు. 128కే మోడల్ అయితే ఆర్‌జీబీ ఉంది. మామూలు ఓఎస్‌ఎస్‌సీ కాంపోజిట్ తీసుకోదు, ఆర్‌జీబీ కానీ కాంపోనెంట్ కానీ ఇవ్వాలి. రెట్రోటింక్ 2ఎక్స్ కాంపోజిట్ తీసుకుంటుంది. గీతల్ని రెట్టింపు చేసి వెంటనే పంపేస్తుంది, 50ని 60 చెయ్యదు. కానీ ఆ సైజు సిగ్నల్‌ని నీ టీవీ ఒప్పుకోవాలి. కొన్ని ఒప్పుకోవు.

సర్క్యూట్_మేడమ్
ఇంత ఖర్చు ఆయన నాలుగు ప్రోగ్రాములు చూసుకోవడానికా? ఆటలాడేవాళ్ళకి ఆలస్యం ముఖ్యం, లెక్కలు చదువుకునేవాళ్ళకి అక్షరం కనబడితే చాలు. కాంపోజిట్ తియ్యండి, నేరుగా టీవీకి ఇవ్వండి, మధ్యలో డబ్బా వద్దు. టీవీకి ఏవీ లేదని మొదట్లో రాశారు. మోడల్ నంబర్ చూసి వెనక సరిగ్గా వెతకండి. చాలా కొత్త టీవీల్లో మూడు సాకెట్ల బదులు ఇయర్‌ఫోన్ జాక్ లాంటి ఒకే రంధ్రం ఉంటుంది, పక్కన 'ఏవీ ఇన్' అని చీమంత అక్షరాలు.

డాల్ఫిన్‌నోస్77
ఉంది మేడమ్! ఇన్నాళ్ళూ ఇయర్‌ఫోన్ రంధ్రమే అనుకున్నాం.

సోల్డర్‌బాబాయ్
అక్కడో ఉచ్చు ఉంది, ముందే చెప్తున్నా. 3.5 ఎంఎం జాక్ నుంచి మూడు రంగుల సాకెట్లకి మారే వైర్లు అన్నీ ఒకటి కాదు. జాక్ మీద నాలుగు పట్టీలు. వీడియో ఏ పట్టీకి, గ్రౌండ్ ఏ పట్టీకి అనేది కంపెనీ కంపెనీకీ మారుతుంది. టీవీతో వచ్చిన వైరుంటే అదే వాడు. లేకపోతే కొన్నాక మీటర్‌తో గ్రౌండ్ పట్టీ చూసుకో. గ్రౌండ్ సరిపోయి బొమ్మ రాకపోతే, పసుప్పచ్చ బదులు ఎరుపులోనో తెలుపులోనో వీడియో పెట్టి చూడు. సగం సార్లు అక్కడ దాక్కుని ఉంటుంది.

గాజువాక_గ్రౌండ్
ఇదే నేనంటున్నది. డబ్బా టీవీకి ఇన్ని జాతకాలు చూడక్కర్లేదు.

సీలేరు_కరెంట్
కొత్తగా చేరాను, ఒక మాట. ఆన్‌లైన్‌లో ఆ చిన్న డబ్బాలు రెండు రకాలు, చూడ్డానికి కవలలు. ఒకటి ఏవీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి, ఇంకోటి హెచ్‌డీఎమ్‌ఐ నుంచి ఏవీకి. నాకు షాపతను రెండోది ఇచ్చి "అదే ఇదీను, తిప్పి పెట్టుకోండి" అన్నాడు. తిప్పితే పని చెయ్యదు. కొనేవాళ్ళు పేరు చదువుకోండి.

పాతఇనుము
"తిప్పి పెట్టుకోండి" 🙏 ఆయన్ని పోర్ట్‌లో ఎగుమతి దిగుమతి సెక్షన్‌లో వెయ్యాలి.

డాల్ఫిన్‌నోస్77
అప్‌డేట్. బాబాయ్ చెప్పిన దారే పట్టాం. నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకోలేదు. నాన్నగారి పాత స్నేహితుడొకాయన, షిప్‌యార్డ్‌లో ఎలక్ట్రికల్ చేసినవారు, అక్కయ్యపాలెం నుంచి వచ్చి చేశారు. లంకె గారి హెచ్చరిక చదివి వినిపించాక మూత విప్పడానికే అరగంట తీసుకున్నారు. రెండు రిబ్బన్లలో ఒకటి ముందే సగం చీలి ఉంది. చీలిన దాకా కొస కత్తిరించి మళ్ళీ గుచ్చితే ఇప్పుడు మీటలన్నీ పలుకుతున్నాయి.

టీవీలో బొమ్మ శుభ్రంగా వచ్చింది. ఇసుక లేదు, మాయమవడం లేదు. కానీ పూర్తిగా బ్లాక్ అండ్ వైట్.

సర్క్యూట్_మేడమ్
టీవీ పిక్చర్ మెనూలో కలర్ సిస్టమ్ 'ఆటో'లో ఉందా? పాల్‌కి మార్చి చూడండి. గీతల సంఖ్య తేడాగా ఉండేసరికి ఆటో ఒక్కోసారి ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) అనుకుంటుంది. అప్పటికీ రాకపోతే 4.43 మెగాహెర్ట్జ్ రంగు క్రిస్టల్ వయసు మీద పడి పక్కకి జరిగి ఉండొచ్చు. డబ్బా టీవీ సర్దుకుపోతుంది, ఎల్‌ఈడీ సర్దుకోదు. ట్రిమ్మర్ (దాన్ని సర్దే బుల్లి స్క్రూ) ఉన్న బోర్డయితే చిన్న ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పాలి.

డాల్ఫిన్‌నోస్77
పాల్ పెట్టగానే రంగులు వచ్చాయి మేడమ్! ట్రిమ్మర్ దాకా పోలేదు. ఎరుపు పక్కన నీలం ఉన్నచోట అంచులు కాస్త కారుతున్నాయి, చుక్కలు కొంచెం ఉన్నాయి.

సోల్డర్‌బాబాయ్
ఆ చుక్కలు కాంపోజిట్‌తో పాటే పుట్టాయి, పోవు. రంగూ వెలుగూ ఒకే తీగలో వస్తే అంతే. టీవీలో షార్ప్‌నెస్ బాగా తగ్గించు, నాయిస్ రిడక్షన్ లాంటివన్నీ ఆఫ్ చెయ్యి. బొమ్మ 4:3లో పెట్టు. సాగదీస్తే అక్షరాలు పీటల్లా కూర్చుంటాయి.

లాసన్స్‌బే_లంకె
రిబ్బన్ బతికినందుకు సంతోషం. ఆ అక్కయ్యపాలెం పెద్దాయనకి నా నమస్కారం చెప్పండి. బాబాయ్‌తో నా గొడవ మాత్రం అలాగే ఉంది.

డాల్ఫిన్‌నోస్77
ఇప్పుడు క్యాసెట్ల దగ్గర ఆగాం. లోడ్ కొట్టి టేప్ వేస్తే బోర్డర్‌లో ఎరుపు-లేత నీలం గీతలు వస్తున్నాయి, తర్వాత నీలం-పసుపు గీతలు. చివరికి 'ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్'.

మర్రిపాలెం_మైక్రో
గీతలు సరైన రంగుల్లో వస్తున్నాయంటే సిగ్నల్ చేరుతోంది. ఎరుపు-లేత నీలం అంటే ముందు వచ్చే కూత, నీలం-పసుపు అంటే అసలు డేటా. మధ్యలో ఎక్కడో ఒక బిట్ తప్పుతోంది. టేప్ రికార్డర్ హెడ్ శుభ్రం చేసి, హెడ్ పక్కనుండే చిన్న స్క్రూ మెల్లగా తిప్పుతూ కూత బాగా పదునుగా వినబడే చోట ఆపు. వాల్యూమ్ ముప్పాతిక. అలా కుదరకపోతే క్యాసెట్‌ని ల్యాప్‌టాప్‌లోకి రికార్డ్ చేసి, ఆ ఫైల్‌ని ఫోన్ నుంచి ఇయర్ జాక్‌లోకి ఫుల్ వాల్యూమ్‌లో వినిపించు. నోటిఫికేషన్లు ఆఫ్ చేసి. లేకపోతే వాట్సాప్ టింగ్‌తో ప్రోగ్రాం పోతుంది.

ఏదేమైనా ముందు ఆ టేపులన్నీ రికార్డ్ చేసి పెట్టు. మెషీన్ పోతే ఇంకోటి దొరుకుతుంది, ఆ టేపు తెగితే దొరకదు.

సీలేరు_కరెంట్
మన దేశంలో కూడా స్పెక్ట్రమ్ అమ్మారు కదా, డీబీ స్పెక్ట్రమ్ అని? డెసిబెల్స్ వాళ్ళది. మా బంధువుల ఇంట్లో ఉండేది. దానికీ ఇదే పద్ధతా?

సోల్డర్‌బాబాయ్
మూలం అదే మెషీన్. బొమ్మ పద్ధతి అదే. మాడ్యులేటర్ మాత్రం తెరిచి చూసి, తీగలు మీటర్‌తో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టు. ఏ ఛానల్‌కి ట్యూన్ చేశారో చూడకుండా 36 అని గుడ్డిగా నమ్మకు.

డాల్ఫిన్‌నోస్77
ఫోన్ దారి పని చేసింది. ఒక ప్రోగ్రాం లోడయింది. స్పీడు, దూరం అడిగి రోజుకి ఎన్ని టన్నుల ఇంధనమో చెప్తోంది. నాన్నగారు లిస్ట్ కొట్టి 240వ లైన్‌లో తప్పుందని పట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని దిద్దుతున్నారు, నన్ను టీవీ దగ్గరికి రానివ్వట్లేదు. సీరియల్ టైమైందని అమ్మ గొడవ.

కైలాసగిరి_కోతి
అమ్మగారికి ఎమ్యులేటర్ ఇవ్వు.

గాజువాక_గ్రౌండ్
ఒనిడా కావాలంటే చెప్పండి, ఆయనకి విడిగా టీవీ అవుతుంది. ఆటో ఖర్చు మీది. మొయ్యడానికి ఇద్దరు కావాలి.

డాల్ఫిన్‌నోస్77
గ్రౌండ్ గారూ, సీరియస్‌గానే అడుగుతున్నా, ఆదివారం రావచ్చా?

గాజువాక_గ్రౌండ్
రండి. మెసేజ్ పెడుతున్నా.

ఎన్‌ఏడీ_నానాజీ
మా గుంటడి 9999 ఇన్ 1 క్యాసెట్ వీడియో గేమ్ కూడా కొత్త టీవీలో రావట్లేదు. ఇదే వైరు సరిపోద్దా?

సోల్డర్‌బాబాయ్
దానికి వెనక పసుపు, తెలుపు సాకెట్లుంటే మాడ్యులేటర్ గొడవే లేదు, నేరుగా ఏవీకి పెట్టు. ఒక్క సాకెట్టే ఉంటే ఫోటో పెట్టు, కొత్త థ్రెడ్ తెరిచి. ఇక్కడ కలపకు.

ఎన్‌ఏడీ_నానాజీ
తెరిచా. ఫోటో కూడా పెట్టా. వెనక కాదు, పక్కన ఉన్నాయి సాకెట్లు.